జపాన్ వీధుల్లో కెమెరా.. ఏం తీయాలి? ఎక్కడ ఆగాలి?

పైచదువుకో, ఇంటర్న్‌షిప్‌కో, జపనీస్ కోర్సుకో జపాన్ వెళ్లే ఆలోచనలో ఉన్నారా? బ్యాగులో కెమెరా కూడా సర్దేస్తున్నారా? అయితే ఒక్కమాట. చెర్రీ పూలు, ఫుజి పర్వతం, షిబుయా కూడలిలో గొడుగులు.. వీటిని తీసినవాళ్లకు లెక్కే లేదు. మీ పోర్ట్‌ఫోలియో చూసేవారికి అవి కొత్తగా ఏమీ చెప్పవు. అక్కడి మామూలు వీధి, మనుషులు వదిలేసిన ఇల్లు మాత్రం చెబుతాయి.

వీధినే తీసుకోండి. రైల్వే గేటు దగ్గర సైకిల్ దిగి నిలబడ్డ పెద్దావిడ, సందు చివర ఒంటరిగా వెలుగుతున్న వెండింగ్ మెషిన్, సగం దుకాణాలకు షట్టర్లు పడిపోయిన చిన్న పట్టణపు బజారు. ఇలాంటి బజార్లను అక్కడ 'షట్టర్ గాయ్' అంటారు. అంటే షట్టర్ల వీధి. వీటిని తీయడానికి లక్షల రూపాయల లెన్సులు అక్కర్లేదు. 1938లో పుట్టిన దైదో మొరియామా జపాన్ వీధి ఫొటోగ్రఫీలో పెద్ద పేరు. ఆయన చేతిలో ఎక్కువగా కనిపించింది జేబులో పట్టే రికో కాంపాక్ట్ కెమెరానే. గరుకుగా, కాస్త కదిలినట్టు, ఫోకస్ తప్పినట్టు ఉండే నలుపు తెలుపు చిత్రాలు ఆయనవి. షింజుకు ప్రాంతాన్ని దశాబ్దాలపాటు తిరిగి తిరిగి తీశారు. 2019లో హాసెల్‌బ్లాడ్ అవార్డు అందుకున్నారు. మీరు ఆయన గరుకుదనాన్ని కాపీ కొట్టనక్కర్లేదు, దానికి ఫోన్‌లో ఫిల్టర్లున్నాయి. ఒకే పేటకు మళ్లీ మళ్లీ వెళ్లిన ఆ ఓపిక చూడండి, అది ఏ యాప్‌లోనూ దొరకదు.

ఇక పాడుబడ్డ భవనాలు. జపనీస్‌లో 'హైక్యో' అంటే శిథిలం. ఖాళీ ఇంటిని 'అకియా' అంటారు. 2023 ప్రభుత్వ గృహ సర్వే ప్రకారం దేశంలో ఇవి దాదాపు 90 లక్షలు. అంటే మొత్తం ఇళ్లలో సుమారు 13.8 శాతం. ఎందుకిన్ని? జనాభా తగ్గుతోంది, యువత నగరాలకు పోతోంది. ఇది అందరూ చెప్పేదే. అంతగా చెప్పుకోనిది పన్ను సంగతి. ఇల్లున్న చిన్న స్థలానికి ఆస్తి పన్ను లెక్కలో భారీ రాయితీ ఉంది. 200 చదరపు మీటర్ల వరకు పన్ను విలువను ఆరో వంతుకు తగ్గిస్తారు. ఇల్లు కూల్చేస్తే ఆ రాయితీ పోతుంది, కూల్చడానికి ఖర్చు ఎలాగూ తప్పదు. దాంతో వారసులు తాళం వేసి వదిలేస్తున్నారు. సరిగా చూసుకోని ఇళ్లకు ఈ రాయితీ ఆపేసేలా 2023లో చట్టాన్ని సవరించారు. ఈ సంగతి తెలిసి తీసిన ఇంటి ఫొటోకు మీరు రాసే క్యాప్షనే వేరుగా ఉంటుంది.

శిథిలాల్లో అందరికీ తెలిసింది నాగసాకి దగ్గరి హషిమా దీవి. యుద్ధనౌకలా కనిపిస్తుందని 'గుంకన్‌జిమా' అంటారు. సముద్రం అడుగున బొగ్గు తవ్వే ఈ చిన్న దీవిలో 1959లో 5,259 మంది ఉండేవారు. 1974లో గని మూతపడింది. కొద్ది నెలల్లోనే దీవి ఖాళీ. 2009 నుంచి సందర్శకుల్ని పడవల్లో తీసుకెళ్తున్నారు. కంచె వేసిన దారి దాటనివ్వరు, అలలు పెద్దవైతే అసలు దింపరు. అక్కడికి వెళ్లేట్టయితే చేతిలో ఒకరోజు అదనంగా పెట్టుకోండి. కొబెలో కొండమీది మాయా హోటల్‌ది ఇంకో కథ. శిథిలంగానే ఉంటూ 2021లో నమోదిత సాంస్కృతిక ఆస్తి అయింది.

ఇలాంటి చిత్రాలతోనే పేరు తెచ్చుకున్నవారూ ఉన్నారు. ర్యూజి మియమొతో కూల్చివేతలో ఉన్న భవనాల్ని తీసి, 1989లో కిమురా ఇహేయి అవార్డు అందుకున్నారు. 1995 భూకంపం తర్వాత కొబెను తీసిందీ ఆయనే.

ఇప్పుడు అసలు జాగ్రత్త. పాడుబడింది కదా అని గోడ దూకారో, మీ చదువే ప్రమాదంలో పడుతుంది. ఒకరి నిర్వహణలో ఉన్న భవనంలోకి అనుమతి లేకుండా అడుగుపెడితే జపాన్ శిక్షాస్మృతి 130వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు లేదా లక్ష యెన్ల వరకు జరిమానా. కాపలా లేని ఖాళీ ఇంట్లో కారణం లేకుండా దాక్కున్నా చిన్న నేరాల చట్టం ఉంది. విద్యార్థి వీసాపై ఉన్నవారికి పోలీసు కేసు ఎంత ఖరీదైనదో వేరే చెప్పాలా? పైగా కుళ్లిన నేల, విరిగిన మెట్లు, పాత భవనాల్లో ఆస్‌బెస్టాస్ ధూళి. సోషల్ మీడియాలో దూకుడుగా లోపలికి దూరే వీడియోలు చూసి మోజుపడొద్దు. రోడ్డుమీద నిలబడి, కిటికీలోంచి బయటికొచ్చిన తీగను తీసినా కథ వస్తుంది. లోపలే తీయాలంటే యజమానినో, స్థానిక మున్సిపాలిటీనో అడగండి. గైడ్‌తో వెళ్లే టూర్లూ కొన్నిచోట్ల ఉన్నాయి.

వీధిలో మనుషుల సంగతీ అంతే. ఒకరి ముఖాన్ని వారి అనుమతి లేకుండా తీసి వాడుకోవడంపై అక్కడి కోర్టులు చాలాకాలంగా హక్కును గుర్తిస్తున్నాయి. సుప్రీంకోర్టు ఈ మాట 1969లోనే చెప్పింది. దగ్గరగా తీసినప్పుడు తలవంచి 'షాషిన్ ఇయిదెస్ క అని అడగండి, ఫొటో తీసుకోవచ్చా అని. వద్దంటే డిలీట్ చేసి చూపించండి. కియోటోలోని గియోన్ ప్రైవేటు సందుల్లో అనుమతి లేకుండా ఫొటో తీస్తే 10,000 యెన్లని బోర్డులే పెట్టారు. అక్కడి ఫోన్లలో షట్టర్ శబ్దం ఆపే వీలు ఉండదు. అది కంపెనీలు తమంతట తాము పెట్టుకున్న నియమం.

మరి దీన్ని ఉద్యోగానికి ఎలా మలుచుకోవాలి? విడి చిత్రాలు వంద వద్దు. ఒకే వీధి లేదా ఒకే పట్టణంపై 12 నుంచి 15 చిత్రాల సిరీస్ చేయండి. ప్రతి దానికీ ఊరు, తేదీ, రెండు వాక్యాల సమాచారం రాయండి. పత్రికల ఫొటో విభాగాలకు, వారసత్వ కట్టడాల డాక్యుమెంటేషన్‌కు, ఆర్కిటెక్ట్ సంస్థలకు చూపించదగ్గది ఇలాంటిదే. ముందు ఇక్కడే పునాది వేసుకోవాలనుకుంటే హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూలో ఫొటోగ్రఫీ బీఎఫ్ఏ, ఎన్ఐడీ గాంధీనగర్‌లో ఫొటోగ్రఫీ డిజైన్ పీజీ ఉన్నాయి.

డబ్బు విషయం ఒకటి మిగిలింది. టూరిస్టు వీసాపై అక్కడ ఫొటో అసైన్‌మెంట్లు చేసి సంపాదించడం కుదరదు. విద్యార్థులైతే ఇమిగ్రేషన్ నుంచి ముందస్తు అనుమతి తీసుకుని వారానికి 28 గంటల వరకు పార్ట్‌టైమ్ పని చేయొచ్చు. ఫొటోలకు పారితోషికం ఇస్తామని ఎవరైనా అంటే, ఒప్పుకొనేముందు మీ యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.