ఆవు పిండంలో జన్యువుల తొలి మేల్కొలుపు

ఫలదీకరణ జరిగిన తరువాత తొలి రెండు మూడు రోజులు ఆవు పిండం తన సొంత జన్యువులపై పెద్దగా ఆధారపడదు. అండం పక్వమయ్యే కాలంలో తల్లి దానిలో నిల్వచేసిన సందేశ ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్లే కణ విభజనను నడుపుతాయి. ఆ నిల్వ తరిగేకొద్దీ పిండపు జన్యువులు బాధ్యతను స్వీకరిస్తాయి. ఈ మార్పు ప్రధానంగా చుంచెలుకలో 2 కణాల దశలోను, మానవునిలో 4 నుండి 8 కణాల దశలోను, ఆవులో 8 నుండి 16 కణాల దశలోను జరుగుతుంది. కనుక చుంచెలుకపై వెలువడిన ఫలితాలను పశువులకు యథాతథంగా అన్వయించడం సరికాదు.

ప్రయోగశాలలో పెంచిన ఆవు పిండాలు తొలినాళ్లలో సరిగ్గా ఈ దశలోనే ఆగిపోయేవి. వాటిని గొర్రె అండవాహికలో కొన్ని రోజులు ఉంచితే ఎదుగుదల కొనసాగేది. అనంతరం అండవాహిక కణాలతో కలిపి పెంచడం, ఆపై అండవాహిక ద్రవాన్ని అనుసరించిన పోషక ద్రావణాలు వాడుకలోకి వచ్చాయి. జన్యువులు మేల్కొనే సమయంలో పిండం పరిసరాలకు ఎంత సున్నితంగా స్పందిస్తుందో దీనినిబట్టి గ్రహించవచ్చు.

అయితే పిండం ఎదిగినంత మాత్రాన నియంత్రణ సక్రమంగా ఉన్నట్లు కాదు. ఫలదీకరణ తరువాత డీఎన్‌ఏపై ఉన్న మిథైల్ గుర్తులు చాలావరకు చెరిగి, తిరిగి ఏర్పడతాయి. తల్లి ప్రతి, తండ్రి ప్రతి అన్న భేదాన్ని తెలిపే ముద్రిత జన్యువుల గుర్తులు మాత్రం చెరగరాదు. ఐజీఎఫ్2ఆర్ అటువంటి జన్యువు; ఇందులో తల్లి ప్రతి పనిచేస్తుంది. పెరుగుదలను ప్రేరేపించే ఐజీఎఫ్2 ప్రోటీనును కణంలోనికి లాగి నశింపజేసే గ్రాహకాన్ని ఇది తయారుచేస్తుంది. మిథైల్ గుర్తు సాధారణంగా జన్యువును అణచివేస్తుందని చెబుతారు. ఇక్కడ అందుకు భిన్నంగా, తల్లి ప్రతిలోని ఒక భాగంపై ఉన్న గుర్తే దానిని పనిచేయనిస్తుంది.

ప్రయోగశాలలో పెంచిన గొర్రె పిండాల నుండి పుట్టిన కొన్ని పిల్లలు అసాధారణమైన బరువుతో ఉండేవి. స్కాట్లాండులోని రోస్లిన్ సంస్థ పరిశోధకులు 2001లో ప్రచురించిన పరిశీలనలో, అతిగా పెరిగిన పిండాలలో ఆ గుర్తు లోపించి, ఐజీఎఫ్2ఆర్ ఉత్పత్తి తగ్గినట్లు తేలింది. పోషక ద్రావణంలో కలిపే సీరం ఈ లోపానికి దోహదం చేయగలదని భావిస్తున్నారు. ఆవులలోను ఇటువంటి దూడలు పుడతాయి. కష్ట ప్రసవం, తల్లికి గాయాలు, దూడ మరణం రైతుకు మిగిలే నష్టాలు.

ఒంగోలు, సాహివాల్ వంటి దేశవాళీ జాతుల వృద్ధికి ప్రయోగశాల పిండాలను వినియోగించేచోట ఈ అంశం ముఖ్యమైనది. 7వ రోజున సూక్ష్మదర్శిని కింద కణాల అమరికను చూచి పిండపు శ్రేణిని నిర్ణయించే నిపుణునికి మిథైల్ గుర్తుల లోపం కనిపించదు. అందుచేత పిండం ఆకృతితోపాటు, అది ఏ ద్రావణంలో పెరిగింది, అందులో సీరం ఉన్నదా లేదా అన్న వివరాన్ని కూడా నమోదుచేసి, పుట్టిన దూడ బరువుతో పోల్చి చూడవలసి ఉంటుంది.