రేస్ కోర్స్ లేన్‌లో ఒక హాలు

ఊరి నుంచి వచ్చిన చుట్టాలు "మీ పేటలో పాత కట్టడం ఏముంది?" అని అడిగితే, మన సభ్యులలో బుకిట్ పంజాంగ్ వాసులు కాస్త తడుముకోవలసి వస్తుంది. మలయ్ భాషలో ఆ పేరుకు పొడుగాటి కొండ అని అర్థం. ఒకప్పుడు ఇది పట్నానికి పదో మైలు దగ్గర ఉన్న పల్లె. 1980ల నుంచి హౌసింగ్ బోర్డు వారి భవంతులు లేచాయి, పల్లె పోయింది, పేర్లు మిగిలాయి. ఫజార్ అంటే తెల్లవారుజాము. సెంజా అంటే మునిమాపు. జెలాపాంగ్ అంటే ధాన్యపు గాదె. 1999లో వచ్చిన ఎల్.ఆర్.టి.లో 'పెండింగ్' స్టేషను చూసి మనవాళ్ళు ఆఫీసు ఫైళ్ళు తలచుకొని నవ్వుతారు గాని, మలయ్‌లో అది నగిషీ చేసిన నడికట్టు బిళ్ళ, అంటే మన వడ్డాణపు బిళ్ళ వంటిది.

పాతదంటూ చూడాలంటే అప్పర్ బుకిట్ తిమా రోడ్డున ఫోర్డు ఫ్యాక్టరీ ఉంది. 1942 ఫిబ్రవరి 15న బ్రిటిషువారు జపానువారికి లొంగిపోయింది అక్కడే. 2006లో దానిని జాతీయ స్మారక చిహ్నంగా ప్రకటించారు. అది ఓటమి గుర్తు. ఆ యుద్ధం ముగిశాక ఇక్కడి భారతీయులు తమకోసం తాము కట్టుకున్నది ఏదైనా ఉందా అన్న ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ మేము కొందరం డౌన్‌టౌన్ లైను ఎక్కి, రైలు మారే పని లేకుండా లిటిల్ ఇండియాలో దిగాము. అక్కడి నుంచి రేస్ కోర్స్ లేన్ నడక దూరమే. మూడవ నంబరు కట్టడం మహాత్మా గాంధీ మెమోరియల్.

ఆగి చూడాలనిపించే ఆర్భాటం దానికి లేదు. వీధిలో నడిచే పదిమందిలో తొమ్మిదిమంది దాన్ని గమనించరనే చెప్పాలి. దాని కథ మాత్రం చిన్నది కాదు. 1948 జనవరి 30న గాంధీజీ హత్య జరిగింది. ఆయన పేర ఒక హాలు ఉండాలని ఇక్కడి భారతీయులు సంకల్పించారు. చందాలు పోగుచేశారు. 1950 జూన్ 18న జవహర్‌లాల్ నెహ్రూ స్వయంగా శంకుస్థాపన చేశారు. 1953 ఏప్రిల్ 25న మాల్కం మెక్‌డొనాల్డ్ దాన్ని తెరిచారు. ఆయన అప్పటికి ఆగ్నేయాసియాకు బ్రిటిషు కమిషనర్ జనరల్. బ్రిటిషు ప్రభుత్వంతో జీవితాంతం పోరాడిన మనిషి పేర కట్టిన హాలును బ్రిటిషు ప్రతినిధి చేత తెరిపించారన్నమాట! ఇందులో లౌక్యం ఉందని కొందరంటారు. మాకు మాత్రం అందులో ఒక నిబ్బరం కనిపించింది.

ఆ నిబ్బరానికి విలువ తెలియాలంటే అంతకు కొద్ది ఏళ్ళ ముందు జరిగినది గుర్తుచేసుకోవాలి. 1945 జూలై 8న ఎస్ప్లనేడ్ మైదానం దగ్గర ఆజాద్ హింద్ ఫౌజు అమరవీరుల స్మారకానికి నేతాజీ పునాదిరాయి వేశారు. సెప్టెంబరులో బ్రిటిషువారు తిరిగి వచ్చి దాన్ని కూల్చివేశారు. రెండు నెలలైనా పూర్తిగా నిలవలేదు. ఆ స్థలంలో ఇప్పుడున్న గుర్తు ఫలకం 1995లో పెట్టినది. అలా ఒకటి కళ్ళముందే కూలడం చూసిన జనం, మళ్ళీ జేబులు తడుముకొని ఇంకొకటి కట్టుకున్నారు. రేస్ కోర్స్ లేన్ హాలు విలువ సిమెంటులో లేదు, ఇక్కడే ఉందని మా అభిప్రాయం.

ఇలాంటి కట్టడాలకు గుర్తింపు ఆలస్యంగా వస్తుంది. సింగపూరులో స్మారక చిహ్నాల పరిరక్షణ బోర్డు 1971లో ఏర్పడింది. సౌత్ బ్రిడ్జి రోడ్డున ఉన్న మారియమ్మన్ కోవెలకు 1973లోనే గౌరవం దక్కింది. 1965లో కట్టిన సింగపూర్ కాన్ఫరెన్స్ హాలు 2010 దాకా ఆగవలసి వచ్చింది. గోపురానికి ఎవరైనా దండం పెడతారు. మడతకుర్చీలు వేసే హాలును చూసి ఎవరు పెడతారు? అందుకే హాలును బతికించేది వాడకమే. గాంధీ మెమోరియల్‌ను ఇప్పుడు హిందీ సొసైటీవారు నడుపుతున్నారు. పిల్లలు వచ్చి కూర్చున్నంత కాలం గోడలకు సున్నం వేసే నాథుడు ఉంటాడు.

ఇక మన సంగతి. "మనకూ సొంత హాలు ఎప్పుడు?" అని ప్రతి సర్వసభ్య సమావేశంలోనూ ఎవరో ఒకరు లేస్తారు. ఉగాదికి అద్దె ఆడిటోరియం, తెలుగు తరగతికి కమ్యూనిటీ క్లబ్బు గది, నామకరణాలకు, భోజనాలకు మన బ్లాకు కింది వాయిడ్ డెక్కు. హార్మోనియం పెట్టె ఎవరి ఇంట్లో ఉందో వెతుక్కోవడం ఏటా ఉన్న తంతే. కోరిక న్యాయమైనదే. కాని ఈ దేశంలో నేల సాధారణంగా గడువున్న లీజు మీద దొరికేది, దాని ధర మీకు మేము చెప్పనక్కరలేదు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో మొదలైంది రావిచెట్టు రంగారావుగారి ఇంట్లోనే. ముందు పని, తరువాత భవనం. మా వోటు ఆ వరసకే.

హాలు లేకపోయినా హాలులో దాచుకోవలసినవి మన దగ్గర ఉన్నాయి. సింగపూరు తెలుగు సమాజం 1975లో పుట్టింది. ఆ తొలినాటి ఆహ్వాన పత్రికలు, నాటకాల ఫొటోలు, చందా రసీదులు ఇప్పుడు ఎవరెవరి బీరువాలలోనో ఉన్నాయి. ఇల్లు మారినప్పుడల్లా కొన్ని చెత్తబుట్టలోకి పోతున్నాయి. వాటిలోని ముఖాలను గుర్తుపట్టగల పెద్దలు ఏటేటా తగ్గుతున్నారు. ఈ పని వచ్చే ఏటికి వాయిదా వేసేది కాదు.

కనుక సభ్యులకు మనవి. వచ్చే నెల సమావేశానికి మీ దగ్గరున్న పాత కాగితాలు, ఫొటోలు తీసుకురండి. అక్కడికక్కడే నకలు తీసి మీవి మీకు ఇచ్చివేస్తాము. ఫొటోలో ఎవరెవరు ఉన్నారో, ఏ ఏడాదో వెనకవైపు పెన్సిలుతో రాయండి. పెన్నుతో వద్దు, నొక్కులు ముందు వైపుకు దిగి ముఖాలు పాడవుతాయి.