ఇంటి నుంచే అక్షరాలు దిద్దే ఉపాధి

మీ విరాళాలతో డిగ్రీ పూర్తిచేసిన పిల్లల్లో కొందరు, ముఖ్యంగా పెళ్లయి ఇంటిపట్టున ఉన్న ఆడపిల్లలు, “చదువైతే అయింది, ఇప్పుడేం చేయమంటారు?” అని మమ్మల్ని అడుగుతున్నారు. ఉద్యోగం కోసం ఊరు దాటలేని వారికి, భాష మీద పట్టుంటే, పనికొచ్చే వృత్తి ఒకటుంది. అది ఇతరుల రాతను దిద్దే పని. దాన్ని ఎలా మొదలుపెట్టవచ్చో, అందులో మీరేం చేయగలరో ఇక్కడ వివరిస్తున్నాం.

సభల్లో కట్టే బ్యానర్ల మీద ‘బహుమతి ప్రధానోత్సవం’ అని తరచు చూస్తుంటాం. ఉండవలసింది ‘ప్రదానోత్సవం’. ప్రదానం అంటే ఇవ్వడం, ప్రధానం అంటే ముఖ్యమైనది. అలాగే అర్థం వేరు, సగమనే అర్ధం వేరు. రెండూ సరైన మాటలే కాబట్టి యంత్రం ఇలాంటి తప్పును దాటవేయవచ్చు. మనిషి కన్ను కావలసింది ఇక్కడే.

ఈ పనిలో మూడు మెట్లున్నాయి. అక్షరదోషాలు, విరామ చిహ్నాలు సరిచూడటం ప్రూఫ్ దిద్దడం. వాక్యాన్ని సాఫు చేసి, పుస్తకమంతా ఒకే పద్ధతి ఉండేలా చూడటం కాపీ ఎడిటింగ్. అధ్యాయాల క్రమాన్ని, విషయాన్ని చక్కదిద్దడం మూడోది. కొత్తవారు మొదటి మెట్టుతో ప్రారంభించడం మంచిది. ఏ మెట్టు వరకు చేస్తారో పని తీసుకునే ముందే రచయితకు చెప్పాలి.

దిద్దేవారి దగ్గర ఒక నిర్ణయాల పట్టిక ఉండాలి. ఒకే పుస్తకంలో మహమ్మద్, మొహమ్మద్, ముహమ్మద్ అని మూడు రకాలుగా పడితే ఏది ఉంచాలి? బతికున్న వ్యక్తి పేరైతే ఆయన రాసుకునే తీరే ప్రమాణం. మిగతా చోట్ల రచయితను అడిగి ఒకటి నిర్ణయించి, పట్టికలో రాసుకోవాలి. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన మన పిల్లలకు ఇక్కడ ఒక మెరుగు ఉంది. అయితే సందేహం వచ్చినచోట సొంతంగా మార్చకూడదు. పక్కన ప్రశ్న రాయాలి. పుస్తకం రచయితది.

సాధనాలు ఎక్కువేమీ అక్కర్లేదు. మంచి నిఘంటువు, వర్డ్‌లో మార్పులు కనిపించేలా చేసే ట్రాక్ ఛేంజెస్ తెలిస్తే చాలు. కంప్యూటర్ లేకపోతే ప్రింటు కాగితం, ఎర్ర పెన్ను ఉన్నా సరే. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. మన డీటీపీ కేంద్రాల్లో అను ఫాంట్ల వాడకం ఎక్కువ. ఫోన్లో టైపు చేసేది యూనికోడ్. ఒకదాన్నుంచి మరొకదానికి మార్చినప్పుడు వత్తులు, సున్నాలు చెదరవచ్చు. అందుకే మార్చాక మొదటి నుంచి మళ్లీ చదవాలి.

ఇక డబ్బు సంగతి. పది పేజీలు దిద్ది గడియారం చూసుకోవాలి. ఉదాహరణకు రెండు గంటలు పట్టిందనుకుందాం. 200 పేజీలకు 40 గంటలు, రెండోసారి చదవడానికి 20 గంటలు, మొత్తం 60. గంటకు 150 రూపాయలు కావాలనుకుంటే 9,000 అవుతుంది, అంటే పేజీకి 45 రూపాయలు. ఈ లెక్క, గడువు, ఎన్నిసార్లు చూస్తారన్నది కాగితం మీద రాసుకొని, సగం ముందుగా తీసుకోవాలి.

పిల్లలకు ఎదురయ్యే పెద్ద చిక్కు పని రాకపోవడం కాదు. “నాలుగు పేజీలే కదమ్మా, ఊరికే చూసిపెట్టు” అనడం. తెలిసినవారే అలా అడుగుతారు, పిల్లలు కాదనలేరు. నాలుగు పేజీలు నలభై అవుతాయి, చేతికి రూపాయి రాదు, ఆ తర్వాత ఆసక్తీ చచ్చిపోతుంది. ఇలా అడిగినవారిలో మేమూ ఉన్నాం. ఇకపై ఈ సంచిక ప్రూఫులకు కూడా వేతనం ఇవ్వాలని నిశ్చయించుకున్నాం.

దాతలకు మా విన్నపం కూడా ఇదే. మీకు దుకాణం కరపత్రాలుంటాయి, పాఠశాల వార్షిక సంచికలుంటాయి, పెళ్లి కార్డులుంటాయి. అవి అచ్చుకు వెళ్లేముందు ఒక్కసారి ఈ పిల్లల చేతికివ్వండి. పని నచ్చకపోతే నిర్మొహమాటంగా చెప్పండి, నేర్చుకుంటారు. నచ్చితే మాట్లాడుకున్న సొమ్ము గడువులోగా ఇవ్వండి. ఇది మీ విరాళంలోంచి తీసి ఇచ్చేది కాదు, వాళ్ల కష్టానికి దక్కవలసిన కూలి. మీరు చదివించిన బిడ్డ సొంత కాళ్ల మీద నిలబడటానికి ఆ మొదటి సంపాదనే ఆసరా అవుతుంది.