ఆట బాగుండాలంటే... అసలు ఖర్చు ఎక్కడ?

‘నాన్నా, మంచి మార్కులొస్తే గేమింగ్‌ కంప్యూటర్‌ కొంటానన్నావుగా!’

మాటిచ్చాక తప్పుతుందా? తెరతో కలిపి 80 వేలు దాటకూడదన్న షరతుతో తండ్రీకొడుకులు సికింద్రాబాద్‌ పార్క్‌లేన్‌లోని చెనాయ్‌ ట్రేడ్‌ సెంటర్‌కి బయల్దేరతారు. ఒక దుకాణంలో ఖరీదైన ప్రాసెసర్‌ తీసుకోమంటారు. పక్క దుకాణంలో రంగురంగుల లైట్లున్న క్యాబినెట్‌ చూపిస్తారు. గంట తిరిగేసరికి తండ్రికి తలనొప్పి, కొడుక్కి అయోమయం! నిజానికి ఇంట్లోనే తేల్చుకోవాల్సిన ప్రశ్నలు రెండున్నాయి. ఏ ఆట ఆడాలి? ఏ తెర మీద?

తెరతోనే మొదలు

ఫుల్‌ హెచ్‌డీ తెర మీద దాదాపు 20.7 లక్షల చుక్కలుంటాయి. 4కే తెర మీద 83 లక్షలు. అంటే సరిగ్గా నాలుగింతలు! అన్ని చుక్కల్నీ సెకనుకు 60 సార్లు గీయాలంటే గ్రాఫిక్స్‌ కార్డు ఎంత శ్రమపడాలో ఊహించుకోవచ్చు. అందుకే మధ్యతరగతి బడ్జెట్‌కి ఫుల్‌ హెచ్‌డీయే మేలు.

పెద్దవాటా ఎవరికి?

సైబర్‌పంక్‌ 2077 లాంటి ఆటలకు గ్రాఫిక్స్‌ కార్డే ప్రాణం. మొత్తంలో మూడో వంతు దానికే పోయినా నష్టం లేదు. వాలరెంట్‌, కౌంటర్‌ స్ట్రైక్‌ 2 లాంటివే ఆడేవారైతే కార్డు కాస్త తగ్గించి, ప్రాసెసర్‌ మీద పెట్టొచ్చు. అన్నట్టు, పేరు చివర ‘ఎఫ్‌’ అక్షరం ఉన్న ఇంటెల్‌ ప్రాసెసర్లు కొంచెం చవక. కానీ వాటిలో సొంత గ్రాఫిక్స్‌ ఉండదు. కార్డు పాడైతే తెర నల్లగానే ఉంటుంది!

జత కుదరాలి

ప్రాసెసర్‌కి మదర్‌బోర్డు సాకెట్‌ సరిపోవాలి. డీడీఆర్‌4 బోర్డులో డీడీఆర్‌5 ర్యామ్‌ కూర్చోదు. 16 జీబీ ర్యామ్‌ కొనేటప్పుడు ఒకే ముక్క కన్నా రెండు 8 జీబీ ముక్కలు వేగం. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివర్లో ర్యామ్‌ ధరలు భగ్గుమన్నాయి. కాబట్టి పాత కొటేషన్‌ నమ్ముకుని వెళ్తే లెక్క తప్పుతుంది.

ఇక్కడ పిసినారితనం వద్దు

చాలామంది మిగుల్చుకోవాలని చూసేది పవర్‌సప్లై దగ్గరే. నాసిరకానిది పోతూపోతూ వేల రూపాయల కార్డునీ వెంట తీసుకుపోవచ్చు. కార్డు తయారీదారు ఎన్ని వాట్లు చెబితే అంతకు తగ్గకూడదు. 80 ప్లస్‌ గుర్తు ఎంత కరెంటు వృథా కాకుండా ఆదా అవుతుందో చెబుతుందంతే, అదొక్కటే నాణ్యతకు హామీ కాదు. మంచి కంపెనీ, ఎక్కువ ఏళ్ల వారంటీ చూడాలి. కరెంటు కోతలున్న ఊళ్లో యూపీఎస్‌ కూడా లెక్కలో వేసుకోవాలి.

మరి కోత ఎక్కడ? లైట్లలో, అద్దాల క్యాబినెట్‌లో. కూలర్‌ విడిగా కొనేముందు ప్రాసెసర్‌ డబ్బాలోనే వచ్చిందేమో చూసుకుంటే సరి. ఎస్‌ఎస్‌డీ ఇప్పుడు చిన్నది తీసుకుని, తర్వాత ఇంకోటి జోడించుకోవచ్చు. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు. 18 శాతం జీఎస్టీ మిగిలిందన్న సంబరం వారంటీ అవసరమైన రోజున ఆవిరైపోతుంది.

అన్నీ బిగించాక చివరి జాగ్రత్త. తెర కేబుల్‌ని మదర్‌బోర్డుకి కాదు, గ్రాఫిక్స్‌ కార్డుకే తగిలించాలి. లేదంటే అంత ఖరీదైన కార్డూ లోపల ఖాళీగా కూర్చుంటుంది!

ఇక మిగిలింది, రోజుకెన్ని గంటలు ఆడాలన్న లెక్క. దానికి మాత్రం ఏ దుకాణంలోనూ విడిభాగం దొరకదు!