డ్యాష్‌బోర్డు వెనక సిమ్ము

మామిడి సీజనులో వడమాలపేట మండలం ఎస్వీ పురం టోల్‌ప్లాజా దగ్గర కాసేపు నిలబడితే చాలు, పికప్ బండ్లకు కొదవుండదు. తోతాపురి కాయతో గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్లేవి కొన్ని, కూరగాయలతో తిరుపతికో చెన్నై కోయంబేడుకో పరుగెత్తేవి కొన్ని. ఇదే తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలో ఇసుజు కంపెనీ 2016 నుంచి పికప్పులు తయారుచేస్తోంది. అమర రాజా బ్యాటరీలకు పుట్టినిల్లయిన కరకంబాడి కూడా ఇక్కడికి దూరమేమీ కాదు. మొత్తానికి బండి గురించి మాట్లాడటానికి ఇంతకంటే తగిన చోటు దొరకదు.

ఒకప్పుడు ఈ బండ్లకు ఎలక్ట్రీషియన్ పని అంటే హెడ్‌లైట్లు, హారను, సెల్ఫ్ మోటారు, అంతే. ఇప్పుడు కొత్త మోడళ్లలో చాలావాటికి డ్యాష్‌బోర్డు వెనక అరచేతిలో ఇమిడే పెట్టె ఒకటి బిగించి వస్తోంది. 2023లో వచ్చిన బొలెరో మ్యాక్స్ పికప్ శ్రేణిలో మహీంద్రా దానికి ఐమ్యాక్స్ అని పేరు పెట్టింది. టాటా వాణిజ్య వాహనాల్లో అలాంటి సేవ పేరు ఫ్లీట్ ఎడ్జ్. బండి ఎక్కడుంది, ఎంత వేగంతో పోతోంది, బ్రేకు ఎంత గట్టిగా తొక్కారు, ఇంజను ఊరికే ఎంతసేపు తిరిగింది లాంటి వివరాలను ఈ పెట్టెలు కంపెనీ సర్వరుకు పంపుతాయి. అక్కడి నుంచి అవి ఓనరు ఫోనుకు వస్తాయి. ఈ వ్యవస్థనే టెలిమాటిక్స్ అంటారు. నా బండి, నా డబ్బు, ఈ పెట్టె నాకొద్దు అనుకునేవాడు దాన్ని పీకి పారేయవచ్చా?

పీకే ముందు ఒక అపోహను వదిలించుకోవాలి. బండి ఆచూకీ చెప్పేది జీపీఎస్ అని చాలామంది నమ్మకం. నిజానికి జీపీఎస్ రిసీవరు వినడమే తప్ప మాట్లాడదు. ఉపగ్రహాలు పంపే సమయ సంకేతాలను అందుకుని, అవి చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి తానెక్కడున్నదీ లెక్కగడుతుంది. మన జిల్లాలోని శ్రీహరికోట నుంచి 2013 జూలై 1న ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ-సీ22 మోసుకెళ్లిన ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఏ మన సొంత నావిక్ వ్యవస్థలో మొదటి ఉపగ్రహం. దానిక్కూడా కింద ఏ బండి తన సంకేతం వింటోందో తెలియదు. కూపీ అంతా బయటికి చేరవేసేది పెట్టెలోని మోడెమూ సిమ్మూ. ఆ సిమ్ము ఫోనులో మాదిరి గోటితో లాగితే వచ్చేది కాదు, సర్క్యూట్ బోర్డుకే టంకం పెట్టి అతికించిన ఈ-సిమ్. జీపీఎస్ యాంటెనా ఒక్కటే తీసేస్తే కచ్చితమైన చోటు తెలియకుండా పోవచ్చు గానీ, బండి ఏ టవరు కింద ఉందో నెట్‌వర్కుకు తెలుస్తూనే ఉంటుంది.

పెట్టె చేతికి దొరికిందనుకుందాం. చాలా బండ్లలో దానికి రెండు రంగుల యాంటెనా కప్లర్లు కనిపిస్తాయి. మోటారు పరిశ్రమ వాడే ఫాక్రా రంగుల పద్ధతిలో నీలం జీపీఎస్‌కు, ముదురు ఎరుపు మొబైల్ నెట్‌వర్కుకు. వీటి పక్కనే ఎక్కువ పిన్నుల కప్లరు ఒకటి ఉంటుంది. అందులో బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే ప్లస్సు, ఇగ్నిషన్ వైరు, ఎర్తు, వీటితోపాటు ఒకదానికొకటి మెలేసుకున్న రెండు సన్నని వైర్లు వస్తాయి. అసలు కథ ఆ మెలేసిన జంటలోనే ఉంది.

దాని పేరు క్యాన్ బస్. జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 1986లో దీన్ని లోకానికి పరిచయం చేసింది. అంతకుముందు ప్రతి స్విచ్చుకూ ప్రతి మీటరుకూ విడివిడిగా వైర్లు లాగేవారు. క్యాన్ వచ్చాక ఇంజను కంప్యూటరు, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, మీటరు కన్సోలు అన్నీ ఈ రెండు వైర్ల మీదే వంతులవారీగా మాట్లాడుకుంటున్నాయి. రచ్చబండ దగ్గర మాటల్లా ఇక్కడ ఒకరు అన్నది అందరి చెవినా పడుతుంది. టెలిమాటిక్స్ పెట్టె కూడా అక్కడే ఒక మూల కూర్చుని, విన్నదాన్ని ఊరు దాటిస్తుంది. ఈ వైర్ల రెండు చివరలా 120 ఓముల నిరోధకాలు ఉండాలి, లేకపోతే సంకేతం చివరదాకా పోయి వెనక్కి తిరిగి మాటలన్నీ కలగాపులగం అవుతాయి. బ్యాటరీ విప్పేసి, స్కానరు తగిలించే కప్లరులో 6, 14 పిన్నుల మధ్య మల్టీమీటరు పెడితే చాలా బండ్లలో దాదాపు 60 ఓములు చూపుతుంది, అంటే రెండు నిరోధకాలూ సవ్యంగా ఉన్నట్టు. పెట్టె పీకాక అదే మీటరు 120 చూపితే ఒక నిరోధకం ఆ పెట్టెతోపాటు బయటికి వచ్చేసిందని అర్థం. అప్పటినుంచి చెక్ ఇంజిన్ లైటు ఊరికే వెలగడం, మీటర్లు ఉన్నట్టుండి సున్నాకు పడటం లాంటి తలనొప్పులు మొదలవుతాయి. తెలివైన ఎలక్ట్రీషియన్ మీటరు చూడకుండా కటింగ్ ప్లయర్ తీయడు.

అందుకే అమెరికాలో పికప్పుల ఓనర్లు ముందు ఫ్యూజు వెతుకుతారు. మోడెముకు విడిగా ఫ్యూజు ఉంటే తీసేస్తే సరిపోతుంది. అక్కడా చిక్కులు లేకపోలేదు. కొన్ని టొయోటా బండ్లలో హ్యాండ్స్‌ఫ్రీ మైకు వైరింగు ఈ పెట్టె గుండానే పోతుంది. ఫ్యూజు తీస్తే బ్లూటూతులో మన మాట అవతలివాళ్లకు వినపడదు. దాన్ని సరిచేయడానికి పెట్టెను దాటించి మైకును నేరుగా కలిపే హార్నెస్సులు విడిగా అమ్ముతున్నారు. యాంటెనాలు మాత్రం ఊడబీకి వదిలేస్తే మరో తంటా. మోడెము టవరు కోసం పూర్తి శక్తితో వెతుకుతూనే ఉంటుంది, టవరు దగ్గరగా ఉంటే యాంటెనా లేకుండానే ఎంతో కొంత అందుకుంటుంది కూడా.

ఇంత ప్రయాస ఎందుకంటే అక్కడ దెబ్బ తగిలాకే జనం మేలుకున్నారు. జనరల్ మోటార్స్ కార్లలోని ఆన్‌స్టార్ వ్యవస్థ సేకరించిన డ్రైవింగ్ వివరాలు డేటా వ్యాపారుల ద్వారా బీమా కంపెనీలకు చేరుతున్నాయని 2024 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. కొన్ని సందర్భాల్లో ప్రతి 3 సెకన్లకోసారి బండి ఉన్న చోటు నమోదయ్యేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. అలాంటి వివరాలను వినియోగదారుల రికార్డులు అమ్మే సంస్థలకు అయిదేళ్లపాటు ఇవ్వకూడదని 2025 జనవరిలో కంపెనీతో ఒప్పందం ప్రకటించింది. అంతకు నెల ముందు ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు సాఫ్ట్‌వేర్ సంస్థ కారియాడ్ నుంచి సుమారు 8 లక్షల ఎలక్ట్రిక్ కార్ల సమాచారం క్లౌడులో కాపలా లేకుండా పడి ఉన్నట్టు తేలింది. ఇంకా వెనక్కి వెళ్తే, 2015లో ఇద్దరు పరిశోధకులు మైళ్ల దూరంలో కూర్చుని, హైవే మీద పోతున్న జీప్ చెరోకీని మొబైల్ నెట్‌వర్కు ద్వారా అదుపులోకి తెచ్చుకుని చూపించారు. దాంతో కంపెనీ 14 లక్షల బండ్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది.

మన దగ్గర లెక్క వేరు. రెండు మూడు పికప్పులు బాడుగకు తిప్పే ఓనరుకు ఈ పెట్టె వద్దనే ఆలోచనే రాదు. డ్రైవరు దారి మళ్లించి సొంత లోడు వేశాడా, డీజిల్ లెక్క సరిపోయిందా అని ఆప్ తెరిచి చూసుకోవడం అతనికి కొండంత ధైర్యం. చూపు పడేది డ్రైవరు మీద. ఆ డ్రైవరును ఎవరైనా ఒక మాట అడిగారా? అడిగినట్టు కనపడదు. గోప్యత గురించి రాసేవాళ్లంతా (ఈ వ్యాసంతో సహా) ఓనరు వైపు నుంచే మాట్లాడుతుంటారు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న చెప్పినప్పుడు, అది స్టీరింగ్ వెనక కూర్చున్నవాడికి కూడా వర్తించే మాటే.

చట్టం మాట కూడా చూడాలి. అన్ని పెట్టెలూ ఒకటి కావు. ఏఐఎస్-140 ప్రమాణం కింద ప్రయాణికుల వాహనాలకు బిగించే ట్రాకరూ పానిక్ బటనూ ప్రభుత్వం తప్పనిసరి చేసినవి. బస్సుల ఓనర్లూ ట్యాక్సీల ఓనర్లూ వాటి జోలికి పోకూడదు. ఆ ట్రాకరు మెయిన్ వైరు కోసినా లోపలి బ్యాటరీ కనీసం 4 గంటలు నడుస్తుంది, వైరు తెగిందన్న కబురు కూడా పంపుతుంది. సరుకు మోసే చిన్న పికప్పులకు కేంద్రం ఆ నిబంధన పెట్టలేదు, వాటిలోది కంపెనీ తన వ్యాపారం కోసం పెట్టుకున్నది. మూడో రకం కూడా ఉంది. వాయిదాలు ఆగిపోతే బండి పట్టుకోవడానికి ఫైనాన్స్ ఇచ్చినవాళ్లు తగిలించే జీపీఎస్. అది లోను కాగితాల్లో రాసి ఉంటుంది, పీకితే గొడవ కంపెనీతో కాదు, ఫైనాన్సరుతో.

ఇంతా చేసి పెట్టె తీసేసినా బండి అజ్ఞాతంలోకి పోదు. 2021 ఫిబ్రవరి నుంచి తప్పనిసరైన ఫాస్టాగ్ అద్దం మీదే ఉంది. దానికి బ్యాటరీ ఉండదు, టోల్‌గేటు రీడరు పంపే రేడియో తరంగాల శక్తితోనే మేలుకుని తన నంబరు చెబుతుంది. ఎస్వీ పురం గేటు దాటిన నిమిషం ఎలాగూ నమోదవుతుంది. డ్రైవరు జేబులోని ఫోను సంగతి చెప్పనక్కర్లేదు. తేడా ఒక్కటే. టోల్‌గేటుకు తెలిసేది బండి దాటిన వేళ. పెట్టెకు తెలిసేది ఆ రోజంతా కాలు పెడలు మీద ఎలా పడిందో.

స్పానరు కంటే ముందు వాడాల్సింది సంతకం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, ఇచ్చిన సమ్మతిని ఎంత సులువుగా ఇచ్చారో అంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలి. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, కంపెనీల ముఖ్య బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. కాబట్టి కొత్త బండి బుక్ చేసేటప్పుడే కనెక్టెడ్ సేవ ఆపించవచ్చా, ఆపితే వారంటీ ఏమవుతుంది అని షోరూములో అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. పాత పికప్ కొనేవాళ్లు ఆర్‌సీ పేరు మార్పుతో సరిపెట్టుకోవద్దు. పాత ఓనరు ఫోనులోని ఆప్ నుంచి బండిని మీ కళ్లముందే తొలగింపజేయండి. అది జరగకపోతే బండి మీ పేరు మీదికి వచ్చినా, ఎక్కడెక్కడ తిరిగిందీ అతనికే కనిపిస్తూ ఉంటుంది.