అరచేతిలోని చెరువు

హైదరాబాదునకు ఉత్తరమున రెండు పెద్దబాటలు సాగిపోవుచున్నవి. ఒకటి మేడ్చల్ మీదుగా కామారెడ్డి వైపునకు, వేరొకటి శామీర్‌పేట మీదుగా కరీంనగరు వైపునకు. నగరము ముగిసి పల్లెలు మొదలగు తావిది. ఒకవంక కర్మాగారములు, కళాశాలలు; మరియొకవంక పొలములు, రాతిగుట్టలు, శామీర్‌పేట పెద్దచెరువు. ఇట్టి పల్లెనుండి చదువునకు వచ్చు విద్యార్థి యొకడు, ఉదయము నిండుగా ఛార్జి చేసిన ఫోను సాయంకాలమునకే ఆరిపోవుట చూచి, “నేను మాటాడినది కొంచెమే గదా!” యని వగచును.

ఆతని సందేహము న్యాయమైనదే. కాని ఫోను మనము మాటాడునపుడు మాత్రమే పనిచేయునది కాదు. జేబులోనున్నను అది మాటిమాటికి మేల్కొని, తనకేదేని పిలుపు వచ్చినదాయని టవరును ఆలకించి, మరల నిద్రించును. ఆలకించుటకు వ్యయము స్వల్పము. బదులు పలుకుటయే ఖరీదైన పని. టవరు చేరువనున్నచో గుసగుస చాలును. దూరమైనను, నడుమ గుట్టయో కాంక్రీటు గోడయో అడ్డువచ్చినను, ఫోను గొంతెత్తి కేకవేయవలయును. అడ్డములేని బయలునందు సైతము, దూరము రెండింతలైనచో అంతే బలముగా వినబడుటకు నాలుగింతల శక్తి కావలయును.

తరంగము బలహీనమైనచోట వేరొక నష్టము గలదు. వేగముగా పంపిన సమాచారము చెదరిపోవును గనుక, టవరును ఫోనును నెమ్మదిగా మాటాడుకొనవలసివచ్చును. క్షణములో దిగవలసిన పాఠము నిమిషములు పట్టును. అంతసేపును ఫోను మేల్కొనియే యుండును. కావున మంచి నెట్‌వర్కు బ్యాటరీకి శత్రువు కాదు, మిత్రమే.

లిథియం అయాను బ్యాటరీని రూపొందించినందులకు గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినోలు 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము పొందిరి. వారు మనకిచ్చినది ఒక చెరువు వంటిది. తూమును కాచు నీరటికాడు మాత్రము మనమే. తూము తెరచిన ప్రతిసారియు, పొలము తడిసిన పిదపకూడ, మూయువరకు నీరు పారుచునేయుండును. అట్లే చిన్న సందేశమొకటి పోయిన తరువాతను, మరేదేని వచ్చునేమోయని ఫోనులోని రేడియో కొన్ని సెకండ్లు మేల్కొనియుండును. పది సందేశములు పదిమారులు వచ్చుటకంటె ఒక్కమారు వచ్చుట పొదుపు. ‘బ్యాటరీ సేవర్’ చేయు పనులలో ముఖ్యమైనది ఇదియే: మరుగున జరుగు పనులను ఆపి, కూర్చి, పిదప జరుపును. అందులకు మనము చెల్లించు మూల్యము ఆలస్యము. పరీక్షవేళ మారినదను సందేశము పరీక్ష ముగిసిన పిదప అందినచో, మిగిలిన ఛార్జి వలన ప్రయోజనమేమి?

కనుక పొదుపునకు వివేకము కావలయును. 5జి తరంగము నిలకడగా లేనిచోట ఫోనును 4జికి మార్చుకొనవచ్చును. ఇంట వైఫై యున్నచో దానినే వాడవచ్చును. బొత్తిగా సిగ్నలు లేని తావున, టవరును వెదకి వెదకి అలసిపోకుండ, ‘ఏరోప్లేన్ మోడ్’ పెట్టవచ్చును. కాని అపుడు ఎవరి పిలుపును అందదని మరువరాదు, వెలుపలికి రాగానే దానిని తీసివేయవలయును.

పిల్లలను విహారమునకు చెరువుగట్టునకు తీసికొనిపోయిన ఉపాధ్యాయునికి ఈ లెక్క మిక్కిలి యవసరము. చీకటిపడువేళ ఒక బాలుడు జారిపడినచో, 112కు పిలుచుటకు ఛార్జియు కావలయును, సిగ్నలును కావలయును. పగలెల్ల ఛాయాచిత్రములు పంపుటలో ఫోనును ఆర్పివేసినవాడును, పొదుపు పేరిట దానిని మూగచేసినవాడును ఆ గడియలో సమానముగా నిస్సహాయులే. ఛాయాచిత్రములు ఇల్లుచేరిన పిదప పంపవచ్చును. ఆ ఒక్క పిలుపునకు వలసిన ఛార్జిని మాత్రము బయలుదేరునపుడే ప్రత్యేకించి యుంచుకొనవలయును.