ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ద్రవం, ఫిల్టరు – నిర్వహణ

ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ద్రవం అనగా గేర్లు వాటంతట అవే మారే వాహనాల గేర్‌బాక్సులో వాడే ప్రత్యేకమైన నూనె. దీనిని సంక్షిప్తంగా ఏ.టి.ఎఫ్. అని వ్యవహరిస్తారు. ఈ నూనెలోని మలినాలను పట్టి ఉంచే వడపోత పరికరమే ట్రాన్స్‌మిషన్ ఫిల్టరు. వీటిని సకాలంలో మార్చకపోతే గేర్‌బాక్సు మొత్తం పాడయ్యే ప్రమాదం ఉంది. గేర్‌బాక్సును విప్పి బాగుచేయించే ఖర్చుతో పోలిస్తే నూనె, ఫిల్టరు మార్పించే ఖర్చు చాలా తక్కువ.

చరిత్ర

పెద్ద ఎత్తున ఉత్పత్తి అయిన మొట్టమొదటి పూర్తి ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ జనరల్ మోటార్స్ సంస్థ రూపొందించిన హైడ్రామాటిక్. ఇది 1939లో ఓల్డ్స్‌మొబైల్ కార్లలో (1940 మోడలు) ప్రవేశపెట్టబడింది. ఈ నూనెకు ఆ సంస్థ 1949లో "టైప్ ఎ" అనే ప్రమాణాన్ని, 1967లో "డెక్స్‌రాన్" ప్రమాణాన్ని ప్రకటించింది. 1970ల తొలినాళ్ళ వరకు ఘర్షణ నియంత్రణ కోసం ఇందులో స్పెర్మ్ తిమింగలం నూనెను కలిపేవారు. అమెరికాలో తిమింగలం ఉత్పత్తుల వాడకం నిషేధించబడిన తరువాత ఆ స్థానంలో ఇతర రసాయనాలు వచ్చాయి. డెక్స్‌రాన్-6 ప్రమాణం 2005లో వెలువడింది.

పనిచేయు విధానం

ఈ ద్రవం ఒకేసారి నాలుగు పనులు చేస్తుంది. టార్క్ కన్వర్టరులో ఇంజను శక్తిని గేర్‌బాక్సుకు అందజేస్తుంది. పీడనంతో క్లచ్చులను నడుపుతుంది. గేర్ల మధ్య అరుగుదలను తగ్గిస్తుంది. లోపలి వేడిని కూలరుకు చేరవేస్తుంది. ఇంజను నూనెలాగా దీనిలో మసి చేరదు. కాని వేడికి క్రమంగా ఆక్సీకరణం చెందుతుంది. క్లచ్చు పలకల నుండి రాలే పొడి కూడా దీనిలో కలుస్తుంది.

ఫిల్టరు సాధారణంగా గేర్‌బాక్సు అడుగున ఉండే పళ్ళెంలో, పంపుకు ముందు అమర్చబడి ఉంటుంది. ఇది పూడుకుపోతే పంపుకు నూనె చాలదు, పీడనం తగ్గుతుంది. దానితో క్లచ్చులు జారి మరింత వేడి, మరింత పొడి పుడతాయి. ఆ పొడి ఫిల్టరును ఇంకా పూడ్చివేస్తుంది. చిన్న అశ్రద్ధ పెద్ద నష్టంగా మారడానికి ఈ విషవలయమే కారణం.

స్థితిని గుర్తించడం

కారుతున్నది ఏ నూనెయో సులభంగా తెలియడానికి ఈ ద్రవానికి తరచుగా ఎరుపు రంగు కలుపుతారు. కొన్ని సంస్థలు వేరే రంగులు వాడతాయి కనుక రంగు ఒక్కటే ప్రమాణం కాదు. నూనె నల్లబడి మాడు వాసన వేస్తే అది అతిగా వేడెక్కినట్లు భావించాలి. పాలు కలిసినట్లు గులాబీ రంగులో కనిపిస్తే రేడియేటరు నీరు కలిసి ఉండవచ్చు. గేరు ఆలస్యంగా పడటం, కుదుపుతో మారడం, ఇంజను వేగం పెరిగినా బండి ముందుకు సాగకపోవడం ఇతర లక్షణాలు.

నూనె స్థాయిని చాలా వాహనాలలో బండి వేడెక్కిన తరువాత, ఇంజను నడుస్తుండగా, సమతలంపై చూడాలి. హోండా వంటి కొన్ని సంస్థల కార్లలో ఇంజను ఆపిన వెంటనే చూడాలి. కొన్ని కార్లకు కొలపుల్ల ఉండదు. నిర్ణీత ఉష్ణోగ్రత వద్ద మర విప్పి స్థాయిని నిర్ణయిస్తారు. నూనె తక్కువైతే పంపు గాలిని పీలుస్తుంది, ఎక్కువైతే నురుగు కడుతుంది. రెండూ హానికరమే.

మార్చవలసిన కాలం

దీనికి అన్ని వాహనాలకూ వర్తించే నియమం లేదు. కొందరు తయారీదారులు "జీవితకాలం మార్చనక్కరలేదు" అని పేర్కొంటారు. అయితే ఎన్నో కార్లకు గేర్‌బాక్సులు సరఫరా చేసే జర్మనీ సంస్థ జడ్.ఎఫ్., వాడకాన్ని బట్టి 80,000 నుండి 1,20,000 కి.మీ. లేదా గరిష్ఠంగా 8 సంవత్సరాలకు నూనె మార్చాలని సూచిస్తున్నది. ఎండ తీవ్రత, నగర రద్దీ, ఘాట్ రోడ్లు, బరువులు లాగడం వంటి పరిస్థితులలో ఇంకా ముందే మార్చడం మంచిది.

మార్చే విధానం

మొదట పాత నూనెను పాత్రలోకి వదిలి, పళ్ళెం విప్పుతారు. దానిలోని అయస్కాంతానికి బూడిద రంగు మెత్తని ముద్ద అంటుకొని ఉండటం సహజం. లోహపు ముక్కలు కనిపిస్తే లోపల భాగాలు దెబ్బతిన్నట్లే. తరువాత కొత్త ఫిల్టరు, కొత్త గాస్కెట్టు బిగించి, తయారీదారు పేర్కొన్న రకం నూనెనే కొలత ప్రకారం పోస్తారు. టార్క్ కన్వర్టరులో నిలిచిన నూనె ఈ పద్ధతిలో బయటికి రాదు కనుక ఒకసారికి కొంత భాగమే మారుతుంది. కొన్ని గేర్‌బాక్సులలో ఫిల్టరు లోపల ఉండి, మొత్తం విప్పితే తప్ప అందదు. అప్పటికే అరిగిపోయిన క్లచ్చులను కొత్త నూనె బాగుచేయజాలదు.

జాగ్రత్తలు

వేడి నూనె చర్మాన్ని కాల్చగలదు. కేవలం జాకీపై నిలిపిన వాహనం కిందికి వెళ్ళరాదు. గట్టి స్టాండ్లు పెట్టాలి. పాత నూనెను మురుగు కాలువలో గాని నేలపై గాని పారబోయక, అనుమతి గల సేకరణదారులకు అప్పగించాలి.

భారతదేశంలో 2014లో మారుతి సుజుకి సెలెరియోతో ప్రాచుర్యం పొందిన ఏ.ఎం.టి. కార్లకు పై విధానం వర్తించదు. వాటిలో ఉండేది మామూలు గేర్‌బాక్సే. క్లచ్చును, గేర్లను యంత్రం కదుపుతుంది. సి.వి.టి. రకానికి కూడా ప్రత్యేకమైన ద్రవం అవసరం. కాబట్టి నూనె కొనే ముందు వాహనంతో వచ్చిన పుస్తకం చూసి గేర్‌బాక్సు రకాన్ని నిర్ధారించుకోవాలి.